ఒక్కదాన్నే మెల్‌బోర్న్‌లో: ధైర్యం సంగతి కాసేపు పక్కన పెడదాం

మెల్‌బోర్న్‌లో ఒక్కదాన్నే తిరిగొచ్చానని తెలిసినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే మాట: "నీకు ధైర్యం ఎక్కువే వదినా." కొందరు మెచ్చుకుంటూ అన్నారు. కొందరు "ఈ వయసులో అవసరమా" అనే మాట మింగేసి అన్నారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. నాకు ధైర్యం పెద్దగా లేదు. చీకటి పడితే హన్మకొండలో మా వీధి చివర కిరాణా కొట్టుకి పోవడానికి కూడా తోడు వెతుక్కునే మనిషిని. అలాంటిదాన్ని భాష, దారి, మనుషులు ఏదీ నాది కాని ఊళ్లో పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా తిరిగానంటే ఆ గొప్ప ఆ ఊరికి చెందుతుంది. ఇంకా విడమర్చి చెప్పాలంటే ఆ ఊరి రైళ్లకి, ట్రాములకి, రోడ్డు పక్క మంచినీళ్ల కుళాయిలకి, పబ్లిక్ టాయిలెట్లకి.

ఒంటరి ప్రయాణాల మీద మనవాళ్లు రాసేవి నేనూ చదువుతుంటాను. అక్కడికెళ్లి తమని తాము తెలుసుకున్నామంటారు. రిటైరైన మనిషికి తన గురించి కొత్తగా తెలియాల్సింది ఏముంటుంది? నేను తెలుసుకున్నది టాయిలెట్ ఎక్కడుందో. నవ్వకండి. ఆడవాళ్లు ఊరు చూడ్డానికి బయల్దేరే ముందు నీళ్లు తక్కువ తాగే దేశం నుంచి వెళ్లాం మనం. ఆస్ట్రేలియాలో పబ్లిక్ టాయిలెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే మ్యాప్‌ని అక్కడి కేంద్ర ప్రభుత్వమే నడుపుతుంది. ఫోన్లో తెరిస్తే దగ్గర్లోది కనపడుతుంది. అది చూశాక నేను సీసా నిండా నీళ్లు తాగి తిరిగాను. నన్నడిగితే ఒంటరి ప్రయాణం మొదలయ్యేది అక్కడే.

మా అబ్బాయి, కోడలు ఉండేది టార్నీట్‌లో. మెల్‌బోర్న్‌కి పడమటి శివారు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మనవాళ్లు చాలామంది ఇళ్లు కొనుక్కున్నారు. సాయంత్రం పార్కుకి వెళ్తే స్వెట్టర్ల మీద మఫ్లర్లు చుట్టుకుని నడుస్తున్న అమ్మానాన్నలు కనిపిస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు. "ఎన్ని నెలలకి వచ్చారండీ?", "మనవడికి ఎన్నో ఏడు?", ఆ తర్వాత "టైమ్ పాస్ కావట్లేదండీ." పొద్దున్నే పిల్లలు ఆఫీసుకి పోతారు. ఇల్లు బాగుంటుంది, ఫ్రిజ్ నిండా సరుకులుంటాయి, టీవీలో మన చానెళ్లన్నీ వస్తాయి. ఇక శనివారం కోసం ఎదురుచూపు. శనివారం రాగానే కారెక్కించి సముద్రం ఒడ్డున సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద తీసుకెళ్లి, నీళ్లలో నిలబడ్డ ట్వెల్వ్ అపోసిల్స్ అనే రాళ్ల స్తంభాల దగ్గర గాలికి చీర కొంగు పట్టుకుని ఫొటో దిగాక చీకటి పడేలోపు వెనక్కి తెస్తారు. మధ్యలో పులిహోర. అందరి ఆల్బమ్‌లోనూ అదే ఫొటో.

ఆ రోడ్డుని నేను తక్కువ చేయడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా గడ్డపారలు, పలుగులు పట్టి కొండని తొలిచి వేసిన దారి అది. చనిపోయిన తోటివాళ్లకి గుర్తుగా వేశారు. ఇక ఆ రాళ్ల స్తంభాల పేరు గమ్మత్తు. పన్నెండు అంటారు గానీ అన్ని ఎప్పుడూ లేవు. తొమ్మిది ఉండేవి, 2005లో ఒకటి కుప్పకూలింది. అంతకు చాలాకాలం ముందు వాటిని పంది, పందిపిల్లలు అనేవారట. టూరిస్టులు రావాలంటే ఆ పేరు పనికిరాదని మార్చారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. కారులో వెళ్లిన రోజు నాకు తెలిసింది మావాడికి తిరుగు దారిలో ట్రాఫిక్ టెన్షన్ ఎంత ఉందో అంతే. పిల్లల్ని తప్పు పట్టే పని లేదు. వారమంతా పని చేసి, ఉన్న ఒక్క శనివారం మనకోసం ఐదారు వందల కిలోమీటర్లు నడుపుతారు. అలా చూసిన ఊరు మాత్రం మనది కాదు, వాళ్ల సెలవుది.

రైలు, బస్సు, ట్రామ్ అన్నిటికీ పనికొచ్చే మైకీ కార్డు చేతిలో పెట్టింది మా కోడలు. "అత్తమ్మా, స్టేషన్ దాకా బస్సుంది, రైలెక్కితే అరగంటలో ఊరి మధ్య సదరన్ క్రాస్ స్టేషన్. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కార్డు తాకించాలి. అంతే." అంతే అన్నది నిజంగా అంతే. టికెట్ కౌంటరు దగ్గర నిలబడి ఇంగ్లిష్‌లో ఏం అడగాలో లోపల్లోపల రిహార్సల్ చేసుకునే పని లేదు. నాలాంటి వాళ్లకి భయం దొంగలతో కాదు, కౌంటరులోని మనిషి "ఏంటీ?" అని రెండోసారి అడిగితే వచ్చే తడబాటుతో. ఆ కార్డు నాకు ఆ తడబాటు తప్పించింది.

నడిబొడ్డు ఊళ్లో అది కూడా అక్కర్లేదు. 2015 నుంచి ఊరి మధ్య భాగమంతా ట్రామ్ ఉచితం. తప్పు ట్రామ్ ఎక్కితే తర్వాతి స్టాపులో దిగి ఎదురుగా వచ్చేది ఎక్కడమే, పైసా పోదు. దారి తప్పడం కూడా కష్టమే. 1837లో రాబర్ట్ హాడిల్ అనే సర్వేయరు గీసిన గళ్ల ప్లాను మీద కట్టిన ఊరది. వెడల్పు వీధి, దాని పక్కన అదే పేరుతో చిన్న వీధి. కాలిన్స్ వీధి, చిన్న కాలిన్స్ వీధి. బర్క్ వీధి, చిన్న బర్క్ వీధి. ఎటు నడిచినా ఏదో ఒక తెలిసిన మూలకి తేలతాం. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ మెట్ల పైన వరసగా గడియారాలుంటాయి. ఎవరినైనా కలుసుకోవాలంటే ఆ ఊరివాళ్లు అక్కడ నిలబడతారు. ఆ మెట్ల మీద ఒంటరిగా ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అదోలా చూడరు. అక్కడ అందరూ ఎవరికోసమో ఎదురుచూసేవాళ్లే మరి!

తిండి దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మన దగ్గర హోటల్‌కి ఒక్కదాన్నే వెళ్తే కుర్రాడు నా వెనక్కి చూసి, ఎవరూ లేరని తేలాక "ఒక్కరేనా మేడమ్?" అంటాడు. నలుగురు పట్టే టేబుల్ ఒక్కరికి ఎలా ఇవ్వాలా అని మేనేజరు వంక చూస్తాడు. అక్కడ సందుల్లోని కాఫీ షాపుల్లో కిటికీ పక్కన వీధివైపు చూస్తూ ఒక్కొక్కరు కూర్చునే ఎత్తు బల్లలు ఉంటాయి. పొద్దున ఆ బల్ల నిండా ఒంటరివాళ్లే. క్వీన్ విక్టోరియా మార్కెట్‌లో ఒక బండి దగ్గర వేడి వేడి జామ్ డోనట్లు కాగితం సంచిలో వేసిస్తారు. నిలబడే తినాలి కాబట్టి టేబుల్ గొడవే లేదు. చక్కెర అంటిన వేళ్లతో కొరికితే లోపలి జామ్ నాలుక కాలుస్తుంది. 1878 నుంచి నడుస్తున్న మార్కెట్ అది. దాని కింద పాత శ్మశానం ఉంది. తొమ్మిది వేల మంది దాకా ఇంకా ఆ నేలలోనే ఉన్నారని చెప్తారు. ఊరిని స్థాపించానని చెప్పుకున్న జాన్ బాట్‌మన్‌ని కూడా మొదట పూడ్చింది అక్కడే. పైన మాత్రం కూరగాయల బేరం.

ఎక్కువసేపు గడిపిన చోటు ఏదంటే స్టేట్ లైబ్రరీ అని చెప్తాను. 1856లో తెరిచారు. అప్పటి నుంచీ ఎవరైనా లోపలికి రావచ్చు. గుమ్మటం కింద ఎనిమిది మూలల చదువుకునే హాలు 1913 నాటిది. ఆకుపచ్చ దీపాలు, మధ్యలోంచి బండి చక్రం ఆకుల్లా పరుచుకున్న బల్లలు. నన్ను ఐడీ అడగలేదు, సంచి బయట పెట్టమనలేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. బయట వాన. ఆ ఊళ్లో ఒక్క రోజులో నాలుగు కాలాలు వస్తాయంటారు, అది నిజమే. లైబ్రరీలోనే నెడ్ కెల్లీ అనే పేరుమోసిన బందిపోటు ఇనుప కవచం ఉంది. నాగళ్ల రేకుల్ని సాగగొట్టి చేసుకుని, 1880లో పోలీసులతో ఆఖరి కాల్పుల్లో తొడుక్కున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే తూటాలు తగిలిన నొక్కులు లెక్కపెట్టొచ్చు. పక్కన మనిషి "పద పద" అనకపోతే లెక్కపెట్టొచ్చు, అదీ సంగతి. చదరంగం బల్లలు కూడా ఉన్నాయక్కడ. ఒక ముసలాయన కుర్చీ చూపించి రమ్మన్నాడు. ఆడాం. ఆయన గెలిచాడు. ఒకరి పేరు ఒకరం అడగలేదు.

ఎంసీజీకి, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కి, వెళ్లింది మాత్రం పూర్తిగా సొంత పిచ్చితో. మ్యాచ్ లేని రోజుల్లో స్టేడియం లోపల తిప్పి చూపిస్తారు. మావాడికి క్రికెట్ మీద ఆసక్తి లేదు, వాళ్లతో వెళ్తే ఇది జరిగేది కాదు. 2024 డిసెంబర్ 28న మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి సెంచరీ కొట్టింది అక్కడే. తను 99 మీద ఇవతలి వైపు నిలబడిపోతే, అటు పదకొండో నంబరు బ్యాట్స్‌మన్, మన హైదరాబాద్ సిరాజ్, ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. స్టాండ్‌లో వాళ్ల నాన్న కళ్లు తుడుచుకోవడం టీవీలో చూసి మా ఇంట్లో నేనూ ఏడ్చాను. ఖాళీ స్టాండ్‌లో కూర్చుని ఆ మూడు బంతులు మళ్లీ మనసులో వేసుకున్నాను. గైడ్ తొందరపెట్టలేదు.

ఊరి చుట్టుపక్కల సంగతికి వస్తే, నా వాదనకి అసలు సాక్ష్యం అక్కడుంది. 2023 మార్చి ఆఖరున మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్రమంతటా రైలు, బస్సు చార్జీకి రోజుకి ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పుడు 9.20 డాలర్లు, 2025లో 11. వారాంతాల్లో ఇంకా తక్కువ. అంతకుముందు దూరం పెరిగేకొద్దీ చార్జీ పెరిగేది. ఇప్పుడు టార్నీట్ నుంచి ఊళ్లోకి పోయి వచ్చినా, అటు మూలనున్న వార్నంబూల్ దాకా పోయి వచ్చినా రోజుకి ఆ పరిమితికి మించి పడదు. వార్నంబూల్ అంటే సుమారు 260 కిలోమీటర్లు, మన హైదరాబాద్ నుంచి విజయవాడ అంత. కారున్నవాళ్లకి ఈ వార్త పెద్దగా పట్టలేదు. కారు లేని నాబోటి దానికి రాష్ట్రం మొత్తం తలుపు తెరిచినట్టయింది.

ఆ చార్జీతోనే బాలరాట్ అనే ఊరు వెళ్లాను. సదరన్ క్రాస్ నుంచి గంటన్నర లోపే. కుటుంబాలు అక్కడికి సావరిన్ హిల్ కోసం వెళ్తాయి. బంగారు గనుల కాలం నాటి ఊరిని తిరిగి కట్టిన చోటు. పిల్లలు వాగులో పళ్లెంతో ఇసుక జల్లించి బంగారం రవ్వలు ఏరుకుంటారు. నేను అక్కడి గనుల తిరుగుబాటు కథ చెప్పే మ్యూజియం, యురేకా సెంటర్‌కి వెళ్లాను. 1851లో బంగారం దొరికాక లోకం నలుమూలల నుంచి జనం దిగారు. తవ్వుకోవాలంటే నెలకి 30 షిల్లింగుల లైసెన్సు, బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. పోలీసులు గుంటల దగ్గరికొచ్చి లైసెన్సులు అడిగేవాళ్లు. ఓటు హక్కు లేదు. చివరికి వాళ్లు లైసెన్సులు తగలబెట్టి, కర్రలతో దడి కట్టుకుని, సొంత జెండా ఎగరేశారు. 1854 డిసెంబర్ 3 ఆదివారం తెల్లవారుజామున సైన్యం దాడి చేసింది. అరగంట కూడా పట్టలేదు. బంగారం తవ్వుకునేవాళ్లు ఇరవై మందికి పైగా చనిపోయారు. నాయకుడు పీటర్ లేలర్‌కి చేయి పోయింది. పట్టుకున్నవాళ్ల మీద రాజద్రోహం కేసు పెడితే జ్యూరీ అందరినీ వదిలేసింది. కొన్నేళ్లకి ఆ లేలరే విక్టోరియా అసెంబ్లీ స్పీకరయ్యాడు!

జెండా మసక వెలుతురులో గాజు వెనక ఉంది. నీలం ఉన్ని గుడ్డ మీద తెల్ల శిలువ, నక్షత్రాలు. చాలా పెద్దది, కానీ పూర్తిగా లేదు. తర్వాతి కాలంలో గుర్తుగా ఉంచుకుంటామని వచ్చినవాళ్లకి ముక్కలు కత్తిరించి ఇచ్చేశారట. తిరుగుబాటుని కొంచెం కొంచెంగా ఇంటికి పట్టుకుపోయారన్నమాట. తెలంగాణలో పుట్టినదాన్ని, ఇలాంటి కథ ముందు కూర్చుంటే కాళ్లు కదలవు. బెంచీ ఉంది, కూర్చున్నాను.

మెల్‌బోర్న్ అంటే పొగడ్తే రాసుకుంటూ పోవచ్చు. కానీ ఎంసీజీకి నేను నడిచెళ్లిన వంతెన పేరు విలియం బరాక్ వంతెన. ఆ మనిషి గురించి తెలిశాక పొగడ్త కొంచెం గొంతులో అడ్డం పడింది. బరాక్ ఆ నేల అసలు మనుషులు వురుండ్జెరీల పెద్ద. ఆ ఊళ్లో పారే యర్రా నదికి వాళ్ల పేరు బిరరంగ్. 1863లో హీల్స్‌విల్ దగ్గర కొరండర్క్ అనే చోట వాళ్లకి కాస్త భూమి ఇచ్చారు. దాన్ని సాగు చేసి పంటల పోటీల్లో బహుమతులు తెచ్చుకునే స్థాయికి తెచ్చారు. భూమి బాగుపడగానే దాని మీద ఇతరుల కన్ను పడింది. ఆ మనుషులు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పని చేయాలో నిర్ణయించే అధికారం 1869 చట్టం ఒక బోర్డు చేతిలో పెట్టింది. అయినా బరాక్, అతని మనుషులు ఆ బోర్డు మీద ఫిర్యాదు చేయడానికి అరవై కిలోమీటర్లు నడిచి మెల్‌బోర్న్ వచ్చారు, ఒకసారి కాదు. 1881లో విచారణ జరిగింది. కానీ 1886లో ఇంకో చట్టం తెచ్చి మిశ్రమ సంతతి పడుచువాళ్లని అక్కడినుంచి పంపేశారు. పనిచేసే చేతులు పోతే పొలం ఏం నిలబడుతుంది?

హీల్స్‌విల్‌కి లిల్లీడేల్ దాకా రైలు, ఆపైన బస్సు. నేను కూర్చుని హాయిగా ద్రాక్ష తోటలు చూస్తూ వెళ్లిన దారి అదే వైపు. కంగారూలు, ప్లాటిపస్‌లు చూడ్డానికి అందరూ వెళ్లే హీల్స్‌విల్ శాంక్చువరీ కొరండర్క్ భూమిలో కొంత భాగం మీదే కట్టారు. ఊళ్లో స్వాన్‌స్టన్ వీధి ఉత్తరపు కొసన ఒక అపార్ట్‌మెంట్ టవర్ ఉంది. కింద నిలబడి చూస్తే వంకరటింకర తెల్ల బాల్కనీలే. దక్షిణాన యుద్ధ స్మారకం వైపు దూరంగా వెళ్లి తిరిగి చూస్తే ఆ బాల్కనీలన్నీ కలిసి బరాక్ ముఖమవుతాయి. భూమి దక్కని మనిషి ముఖం మీద ఫ్లాట్లు అమ్ముకున్నారు. ఇది గౌరవమో ఎకసెక్కమో నాకైతే రెండోదే అనిపించింది. స్వేచ్ఛగా తిరిగే ఏర్పాటు ఎవరికి ఉంది, ఎవరికి లేకుండా చేశారు అన్నది కూడా ఊరిని కొలిచే కొలతే కదా.

ఇక భయం సంగతి. ఊరు చేసిపెట్టిన ఏర్పాట్లన్నిటికీ చీకటి పడగానే ఒక హద్దొస్తుంది. 2009లో మన పిల్లల మీద ఆ ఊళ్లో వరసగా దాడులు జరిగిన సంగతి మన పేపర్లు చదివినవాళ్లు మర్చిపోరు. చవగ్గా అద్దె దొరికే పడమటి శివార్లలో ఉంటూ, రాత్రి డ్యూటీ ముగించుకుని ఖాళీ రైళ్లలో ఇంటికెళ్లే విద్యార్థులు దెబ్బలు తిన్నారు. ఒక తెలుగు కుర్రాడిని స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. ఆ మే 31న వేలమంది విద్యార్థులు ఫ్లిండర్స్ స్ట్రీట్ కూడలిలో బైఠాయించారు, నేను తీరిగ్గా కూర్చున్నానని చెప్పిన ఆ మెట్ల ఎదుటే. 2012 నుంచి సాయంత్రం ఆరు దాటాక స్టేషన్లలో ఆయుధాలున్న గార్డులని పెట్టారు. 2016 నుంచి శుక్ర, శనివారాలు రాత్రంతా రైళ్లు నడుస్తున్నాయి. అయినా 2019లో ఒక విదేశీ విద్యార్థిని ట్రామ్ దిగి ఇంటికి నడుస్తూ హత్యకి గురైంది. కాబట్టి నేను చీకటి పడేలోపు ఇంటికి చేరేదాన్ని. ఒక్కటే మినహాయింపు యర్రా బెండ్ పార్కులోని గబ్బిలాలు. పెద్ద పళ్ల గబ్బిలాలు, వేసవిలో వేలకి వేలు. పగలంతా నది ఒడ్డు చెట్లకి తలకిందులుగా వేలాడుతూ, రెక్కతో విసురుకుంటూ, పక్కదానితో పోట్లాడుతూ ఉంటాయి. మెడ చుట్టూ నారింజ రంగు బొచ్చు, కింద ముక్కు మూసుకోవాల్సిన వాసన. 2003లో బొటానికల్ గార్డెన్‌లోంచి తరిమితే ఇక్కడికొచ్చాయి. పొద్దు వాలగానే అన్నీ ఒక్కసారి లేచి ఊరి మీదికి పోతాయి. అది చూడ్డానికి ఆగాను. వాకింగ్‌కి వచ్చిన ఒక కుటుంబం వెనకే నడిచి స్టేషన్ చేరాను, వాళ్లకి ఆ సంగతి తెలియదు.

ధైర్యం వాదన మీద నాకు అంత కోపమెందుకంటే, అది పనిని మన నెత్తిన పెడుతుంది. బయటికి రాలేకపోతే తప్పు నీదే, పిరికిదానివి అంటుంది. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం చేశారు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. మా పక్కింటి ఆవిడ పెళ్లయ్యాక తోడు లేకుండా గడప దాటి ఎరగదు. ఆ డిసెంబర్ తర్వాత ఒక్కతే వేములవాడ పోయొచ్చింది, యాదగిరిగుట్ట పోయొచ్చింది. ఆమెకి రాత్రికి రాత్రి ధైర్యం వచ్చిందా? కొడుకుని చార్జీ డబ్బులడిగే పని తప్పింది, అంతే. బస్సుల్లో రద్దీ గురించి జోకులేసేవాళ్లు ఆ రద్దీలో ఎవరెవరు మొదటిసారి బయటికొచ్చారో చూడరు.

మెల్‌బోర్న్ శివార్లలోని మన అమ్మానాన్నలదీ ఇదే కథ. వాళ్లు పిరికివాళ్లు కాదు. ఇల్లు కొనేటప్పుడు అడిగే ప్రశ్నల్లో వాళ్లు లేరు. స్థలం ఎంత, స్కూలు ఎలాంటిది, ఇండియన్ స్టోర్స్ ఎంత దూరం, డబుల్ గరాజ్ ఉందా. నడక దూరంలో బస్‌స్టాప్ ఉందా, అది ఎంతసేపటికొకటి వస్తుంది, ఆదివారం తిరుగుతుందా అని అడిగినవాళ్లని నేను చూడలేదు. కొత్త కాలనీల్లో ఇళ్లు ముందు లేస్తాయి, బస్సు ఎప్పుడో వస్తుంది. టార్నీట్ స్టేషన్ కూడా 2015లోనే వచ్చింది, ఇప్పుడు పొద్దున అక్కడి రైళ్లలో నిలబడ్డానికి చోటుండదు.

మావాళ్లు ఇప్పుడు సొంతిల్లు చూస్తున్నారు. ఊరికి ఇంకా దూరంగా, పెద్ద స్థలం, చవక. వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించాడు. వంటగది బాగుంది. "స్టేషన్‌కి నడిచి ఎంతసేపురా?" అన్నాను. "రెండు కార్లున్నాయి కదమ్మా" అన్నాడు. నాకు లేవన్నాను. ఇంకా ఏదీ తేలలేదు. కోడలు మాత్రం నా పక్షమే.